దుర్యోధనుడి ఎడమ చెయ్యి

శనివారం ఉదయం ఆరూ ఇరవైకి తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాను. ఒళ్లో కాలేజీ వాళ్ల కెమెరా, సంచిలో నాలుగు ఫ్లాపీలు. తలలో మాత్రం అంతా గందరగోళం.

ఎందుకు బయలుదేరానో ముందే చెబుతాను. మా ఆర్ట్ కాలేజీలో ఈ ఏడే డిజిటల్ మీడియా అని కొత్త పేపరు పెట్టారు. మూడు నిమిషాల కదిలే బొమ్మ ఏదైనా కంప్యూటర్ మీద చేసి చూపించాలి. మొదటిసారి ఏడుకొండల మీద సూర్యోదయం మౌసుతో గీసి తీసుకెళ్లాను. "కంప్యూటర్ ఏం చేసిందో కనబడుతోంది. ఇందులో నీది ఏది?" అన్నారు సార్. రెండోసారి నా నీటిరంగుల బొమ్మలు స్కాన్ చేసి ఒకదాని వెనక ఒకటి నడిపించాను. "ఇవి నీవే, సరే. మరి కంప్యూటర్ ఎందుకు?" అన్నారు. ఆయనకేం కావాలో ఆయనకైనా తెలుసా అని నాకు అనుమానం. మూడోదీ ఆఖరిదీ సోమవారం చూపించాలి. అదీ పోతే పేపరు పోయినట్టే. జతవాళ్లంతా నాలుగో సంవత్సరానికి వెళితే నేను మూడులోనే కూర్చోవాలి.

సరిగ్గా అప్పుడే పిన్ని ఫోన్ చేసింది. వాళ్లది బంగారుపాళ్యం దగ్గర పల్లె. అక్కడ వేసవిలో పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. ఆఖరి రోజుకు దుర్యోధనుణ్ని మట్టితో నేల మీద పడుకోబెట్టినట్టు చేస్తారు, నిలువునా ఒక బస్సంత పొడవు. భీముడి వేషగాడు గదతో తొడ మీద కొట్టగానే జనం ఎగబడి ఆ మట్టి తీసుకుపోతారు. పొలంలో చల్లితే పంట బాగా వస్తుందని నమ్మకం. శనివారం చేస్తారు, ఆదివారం పగలగొడతారు.

నా పథకం ఇది. పిన్ని వాళ్ల కొత్త మిద్దె మీద ఒకేచోట కెమెరా పెట్టి, పావుగంటకొక ఫోటో తీసి, అన్నీ కలిపి ఆడిస్తే దుర్యోధనుడు తనంతట తనే నేలలోంచి మొలిచినట్టు ఉంటుంది. ఒక్క ఫోటోలో కూడా మనిషి కనబడకూడదు. ఒక్కో ఫ్లాపీలో ఇరవై ఫోటోలు పడతాయి. చేయడానికి రెండు ఫ్లాపీలు, పగలగొట్టడానికి రెండు.

బస్సులో పక్క సీటు పెద్దమనిషి చాలాసేపటి నుంచి కెమెరానే చూస్తున్నాడు.

"ఏం పాపా, అది టేప్ రికార్డరా?"

"కెమెరా అండీ. రీలుండదు, ఫ్లాపీ పెడతారు."

"రీలు లేకుంటే ఫోటో కడిగేదెట్లా?"

"కడగక్కర్లేదు. కంప్యూటర్‌లో చూసుకోవచ్చు."

"ఇంట్లో కంప్యూటర్ ఉండాదా?"

లేదన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి కిటికీ వైపు తిరిగాడు.

ఎనిమిదింబావుకు చిత్తూరు. బస్టాండు ఎదుట ఇడ్లీ, టీ. ఎనిమిదీ నలభైకి పలమనేరు బస్సు. వెళ్లేవాళ్లకు ఒక మాట: తోతాపురి కాయల కాలంలో ఈ దారిన వెళితే గంట ముందే బయలుదేరండి. బంగారుపాళ్యం ఇంకా రాకముందే, గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు సగం ఆక్రమించి వరసగా నిలబడి ఉన్నాయి. బస్సు కదల్లేదు. "దిగి నడిస్తే ముందే పోతారు" అన్నాడు కండక్టరు, తను మాత్రం హాయిగా కునుకు తీస్తూ.

నేను చేరేసరికి పదిన్నర. దుర్యోధనుడికి అప్పటికే కాళ్లూ నడుమూ వచ్చేశాయి. మొదలే పోయింది. ఏడుపొచ్చినంత పనైంది.

బొమ్మ చేసేది మునిరత్నం. యాభై దాటిన మనిషి. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడట. పోయినేడు మామిడిచెట్టు మీంచి పడి కాలు విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు. ఎముక అతుక్కుంది గాని కుంటు మిగిలింది. ఆయన చేతిలో టేపు గాని తాడు గాని లేవు. కొలతంతా అడుగులే. భుజానికి ఇన్ని అడుగులు, మోచేతికి ఇన్ని అడుగులు అని నడిచి గీత గీస్తాడు, ఆయన వెంట ఉన్న ఇద్దరూ తట్టలతో మట్టి తెచ్చి పోస్తారు.

పావుగంటకోసారి నేను మిద్దె మీంచి "పక్కకు జరగండి!" అని అరవడం, వాళ్లు జరగడం. పన్నెండున్నరకు భోజనానికి దిగినప్పుడు, పోనీలే పాపం అని ఫోటో ఆయనకు చూపించాను. కెమెరా వెనక చిన్న తెర ఉంటుంది. మునిరత్నం దాన్ని చాలాసేపు చూశాడు.

"వీణ్ని ఇట్లా నిండుగా ఎప్పుడూ సూడలేదు పాపా. కాలుకాడ నిలబడితే తల కనబడదు, తలకాడికి పోతే కాలు కనబడదు." అంతలోనే ముఖం మారింది. "ఎడమ సెయ్యి పొట్టిగా ఉండాదే!"

నిజమే, పొట్టిగానే ఉంది.

"కుడిసెయ్యి తెల్లార్తో కొలిసి గీసి పెట్టినా. ఎడమది ఎండెక్కినాక. కాలు నొప్పికి అడుగు సిన్నదైపోయింటాది" అన్నాడు నేరం చేసినవాడిలా.

"ఏం ఫరవాలేదు మామా. కంప్యూటర్‌లో నేను సాగదీసేస్తా. నిమిషం పని."

"నువ్వు ఆడ సాగదీస్తే ఈడ మన్ను సాగుతాదా?"

వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. సాగదన్నాను.

"మరి రేపు భీముడొచ్చేది ఈడికి గదా పాపా."

అక్కడి నుంచి నా పథకం తలకిందులైంది. ఆయన మట్టి వేయడం, "పైకి పోయి ఒక ఫోటో తీసకరా పాపా" అనడం, నేను మెట్లెక్కి మూడూ నాలుగూ తీసి, దిగి చూపించడం. చెయ్యి ఒకసారి మరీ పొడుగైంది, ఇంకోసారి మోచెయ్యి వంకరపోయింది. జరగమంటే ఎవరూ జరగడం మానేశారు. రెండు ఫ్లాపీలు అయిపోయాయి, మూడోదీ నిండిపోయింది. నాకు ఒళ్లు మండి మిద్దె మీంచే అరిచాను.

"ఇంక ఒక్కటే ఉంది మామా. అది రేపటికి. నా చదువు పోతుంది!"

మునిరత్నం తలెత్తి చూశాడు. "అట్లయితే నువ్వే దిగు. పైనించి సూసింది నువ్వే. ఎంత పొడుగుండాల్నో నీ కంట్లో ఉండాది."

ఎందుకు దిగానో ఇప్పటికీ చెప్పలేను. చుడీదారు చేతులు పైకి మడిచి మట్టిలోకి దిగాను. మోచేతి నుంచి వేళ్ల దాకా నేనే చేశాను, ఆయన పక్కన కూర్చుని మెత్తుతూ ఉన్నాడు. వేళ్లు పూర్తయి నడుం ఎత్తేసరికి ఆరు దాటింది. కెమెరా మిద్దె మీదే ఉంది. రెండు గంటల పాటు ఒక్క ఫోటో కూడా లేదు. పిన్ని పెట్టిన సంగటి, ఊరిబిండి పచ్చడి కూడా రుచించలేదు.

ఆదివారం పదకొండుకు జనం చేరారు. భీముడి, దుర్యోధనుడి వేషగాళ్లిద్దరూ బొమ్మ చుట్టూ తరుముకున్నారు. భీముడు తొడ మీద కొట్టగానే లోపల దాచిన కుండ పగిలి ఎర్రనీళ్లు చిమ్మాయి. నేను మిద్దె మీద, నాలుగో ఫ్లాపీతో, బటన్ మీద వేలు పెట్టి సిద్ధంగా ఉన్నాను. అందరూ తొడ దగ్గరికే పరిగెత్తారు. ఒకాయన మాత్రం తట్టతో ఎడమ చేతి వైపు వచ్చి, నేను చేసిన వేళ్లు ఎత్తుకున్నాడు. బటన్ నొక్కానో లేదో తెలియదు. తెలిసేసరికి నేను కింద, తోపులాటలో, ఎడమ చేతి మన్ను గుప్పెడు రుమాలులో మూటగట్టుకుంటున్నాను.

రెండున్నరకు తిరుగు బస్సు దొరికింది. కూర్చుని ఫోటోలన్నీ చూశాను. నాలుగో ఫ్లాపీ ఖాళీ. మిగతావాటిలో మధ్యాహ్నం నుంచి ప్రతిదాంట్లోనూ మునిరత్నం ఉన్నాడు, ముఖమెత్తి మిద్దె వైపు, అంటే నా వైపు చూస్తూ. చెయ్యి పొట్టి, పొడుగు, వంకర. నేను చేసిన చెయ్యి మాత్రం ఎక్కడా లేదు.

పక్కన ఒక అవ్వ ఒళ్లో మట్టిమూట పెట్టుకుని కూర్చుంది. నా రుమాలు చూసింది.

"తొడ మన్ను దొరికిందా మ్మే?"

"లేదవ్వా. ఎడమ చేతిది."

"ఎడమ సెయ్యిదా! దాన్నేం సేసుకుంటావు?"

"తెలీదవ్వా."

అవ్వ నన్ను ఎగాదిగా చూసి, తన మూట విప్పి ఒక పెళ్ల తీసి నా రుమాలులో వేసింది. "ఇదీ పెట్టుకో. ఉత్త సేతుల్తో పోగూడదు."

చిత్తూరులో బస్సు మారాను. తిరుపతి దగ్గరపడుతుండగా సార్ అడగబోయే ప్రశ్న గుర్తొచ్చి రుమాలు విప్పాను. బస్సు కుదుపులకు రెండు పెళ్లలూ పొడైపోయి కలిసిపోయాయి. ఇందులో నాది ఏదో నాకే తెలియలేదు. మళ్లీ ముడివేసి ఫ్లాపీల పక్కనే పెట్టుకున్నాను. సోమవారం ఫ్లాపీలూ మన్నూ రెండూ కలిపే సార్ ముందు పెడతాను.