పాప పక్కకని తెచ్చిన గోతాం

అప్పట్లో నేను సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాణ్ణి. రేకుల్లో కలిపే ఆస్బెస్టాస్ వచ్చిన ఖాళీ గోతాలను మేమంతా ఇంటికి తెచ్చుకుని పిల్లలకు పక్క వేసేవాళ్లం. ఒక సాయంత్రం నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కి, పాప కోసం తెచ్చిన గోతాన్ని కిటికీ దగ్గర దులిపాను.

పక్కనున్న ముసలాయన దగ్గుతూ లేచి నా చెంప పగలగొట్టి, గోతాన్ని పట్టుకున్నాడు. "అది నా పాప పక్కకి!" అంటూ నేను ఆయన మూతి మీద గుద్దాను. నెత్తురు కారుతున్నా ఆయన గోతాన్ని వదల్లేదు.

"ఏంది పెద్దాయనా, గోతాం కోసం కొట్టుకు చస్తారా?" అన్నాడు కండక్టరు.

"గోతాం కోసం కాదయ్యా, ఈడి బిడ్డ కోసం," అన్నాడాయన రొప్పుతూ. "నేనూ ఆ రేకుల పనే చేశా. నా చొక్కాలు, గోతాలు దులిపీ దులిపీ నా ఇంటిది ఊపిరాడక పోయింది. ఒరేయ్, ఆ దుమ్ము ఇంట్లోకి తేమాక."

గోతాన్ని చంకలో పెట్టుకుని గురజాలలో దిగిపోయాడు.

మర్నాడు ఫ్యాక్టరీలో నాతో పనిచేసే మస్తాన్ ఇంటికని గోతాం మడుస్తుంటే వద్దన్నాను.

"నా పిల్లలకి నువ్వు దుప్పటి కొంటావా ఏంది?" అని నెట్టాడు.

ముందు చెంప మీద ఒకటి కొట్టి, తర్వాత చెప్పాను.