బీరయ్య చెయ్యి

పద్నాలుగేళ్లుగా దీన్ని లోపలే మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

పోలీస్ యాక్షన్ అయిన రెండేళ్లకు తాండూరు బడిలో సైన్సు మాస్టరుగా చేరాను. ప్లనేరియా అని, నీళ్లలో బతికే చదునైన చిన్న పురుగు ఒకటుంది. బ్లేడుతో రెండుగా కోస్తే కొద్దిరోజుల్లో తోక ముక్కకు తల, తల ముక్కకు తోక మొలుస్తాయి. వాటి మీద వ్యాసం రాసి పట్నంలో కాలేజీ ఉద్యోగం సంపాదించాలని నా ఆశ. గొర్రెల కాపరి బీరయ్య అనంతగిరి వాగులో రాళ్ల కింద వాటిని ఏరి, వారం వారం వికారాబాదులో రైలెక్కి తెచ్చిచ్చేవాడు.

ఒక వారం ఎడమచేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. మందకు కొమ్మలు కొడుతుంటే గొడ్డలి జారి రెండు వేళ్లు తెగాయట. గాజుగిన్నెలో తల మొలిచిన ముక్కను చాలాసేపు చూశాడు.

"సారూ, గీ పురుగుకు తలకాయనే మొలిచె. నా వేళ్లు మొలువయా?"

పక్కన లెక్కల మాస్టరున్నాడు. అతణ్ని నవ్వించాలనిపించింది. అంతేనా? కాదు. బీరయ్య దవాఖానలో పడుకుంటే నాకు పురుగులు తెచ్చేదెవరు?

"మొలుస్తయ్. కట్టు ఇప్పెయ్. పురుగులున్న నీళ్లతోని రోజు కడుగు. దవాఖానల కుట్లు ఏపిచ్చుకున్నవంటే మాత్రం మొలువయ్."

నా ఎదుటే కట్టు విప్పేశాడు. లెక్కల మాస్టరు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు.

మరుసటి వారానికి చెయ్యి ఉబ్బింది. వాసన వస్తోంది. నేను స్కేలు పెట్టి కొలిచి, "జర పెరిగింది" అన్నాను. అప్పుడైనా నిజం చెప్పవచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? నన్ను దేవుణ్ని చూసినట్టు చూస్తున్న ఆ కళ్లు నాకు నచ్చాయి. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

తర్వాత రెండు నెలలు అతను రాలేదు. వచ్చినప్పుడు ఎడమచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయి ఉంది. కుళ్లిందని వికారాబాదు దవాఖానలో తీసేశారట. తిడతాడనుకున్నాను. కుడిచేత్తో పురుగుల సీసా అందించాడు.

"డాక్టరు సాఫ్‌గ కోసిండు సారూ. ఇప్పుడన్న మొలుస్తదా? నేనే సక్కగ కడగలేదేమో."

సీసా అందుకున్నాను. "సూద్దాం" అన్నాను.

వ్యాసం అచ్చయింది. ఉద్యోగం వచ్చింది. ఒంటిచేత్తో గొర్రెలను పట్టలేక బీరయ్య మంద అమ్ముకున్నాడని విన్నాను. చూడటానికి వెళ్లలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. తెలిసే అబద్ధమాడాను, మూడుసార్లు. ఇది రాస్తుంటే గుండె తేలికవుతోంది. కాకూడదు. అయినా అవుతోంది.