చాముండక్క నోటి పిడుగు

అమెరికాలో మా ఊరు బెంటన్‌విల్‌లో కారు నడిపే తెలుగు ఆడవాళ్లలో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది చాముండక్క. మిగతా సగం మంది మొగుళ్ల దగ్గర మొదలుపెట్టి, వాళ్ల అరుపులకి భయం ఇంకా పెరిగి, చివరికి ఆమె దగ్గరికే వచ్చారు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, పోయిన చలికాలమంతా ఆమె గురించి చెవులు కొరుక్కున్నవాళ్లు, ఆమె నేర్పిన డ్రైవింగ్‌తోనే ఒకరింటికి ఒకరు వెళ్లి మరీ కొరుక్కున్నారు. నాకు ఒళ్లు మండేది అందుకే.

పూర్తి పేరు చాముండేశ్వరి. తణుకు దగ్గర పల్లె. భర్త వీరభద్రరావు గారు ఇక్కడి పెద్ద స్టోర్ల కంపెనీ హెడ్ ఆఫీసులో కాంట్రాక్టర్, పది మాటలకి ఒక మాట జవాబిచ్చే మనిషి. ఆయన వీసా వెనకాల ఆమె వచ్చింది. ఆ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పాలు కావాలన్నా కారెక్కాల్సిన ఊరు. మొదటి ఏడాదంతా బాల్కనీలో నిలబడి, పొద్దున వెళ్లిపోయే కారునీ సాయంత్రం వచ్చే కారునీ చూస్తూ గడిపానని చెప్పేది. తర్వాత పట్టుబట్టి నేర్చుకుంది. ఇంకో ఆడది అలా బాల్కనీలో నిలబడకూడదని, కొత్తగా ఎవరొచ్చినా తన పాత క్యామ్రీ తీసుకుని వాళ్లింటి ముందు హారన్ కొట్టేది. వారం మధ్యలో ఖాళీగా ఉండే చర్చి పార్కింగ్ లాటే ఆమె బడి.

తిట్లు లేకుండా ఆ బడిలో పాఠం ఉండేది కాదు. "నీ నెత్తిన పిడుగు పడ, అద్దం చూడవే!" "నీ మీద పిడుగు పడ, తొక్కాల్సింది అది కాదు, పక్కది!" ఆ తిట్టు ఆమె మాటల్లో కూరలో ఉప్పులాంటిది. నేను మొదటిసారి టెస్ట్ ఫెయిలై కారులోనే ఏడుస్తుంటే, పెరుగన్నం డబ్బా నా ఒళ్లో పెట్టి, "నీ నెత్తిన పిడుగు పడ, ఇంత దానికి ఏడుస్తారా? తిని మళ్లీ స్టార్ట్ చెయ్" అంది. తిన్నాను. స్టార్ట్ చేశాను. ఆ తిట్టు విన్నాక భయం నిలబడేది కాదు.

పోయిన సెప్టెంబర్‌లో ఒక శనివారం మన కుర్రాళ్ల టెన్నిస్ బాల్ క్రికెట్ మ్యాచ్. కుర్రాళ్లంటే అందరూ పిల్లల తండ్రులే. పార్కు మధ్యాహ్నం వరకే బుక్ చేశారు. చాముండక్క పులిహోర చేసుకొచ్చింది. నేనూ ఆమె క్యామ్రీలో కూర్చుని చూస్తున్నాం. పడమటి వైపు ఆకాశం నల్లబడి, ఎక్కడో ఉరిమింది. పార్కు వాళ్ల సైరన్ మోగింది. అది మోగిందంటే అందరూ మైదానం వదిలి వెళ్లాలని, ఈ ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

కెప్టెన్ రాజ్ మాత్రం కదల్లేదు. చాముండక్క కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "ఒరేయ్ రాజ్! సైరన్ వినపడట్లేదా? కార్లెక్కండర్రా అందరూ!"

"ఏం గాదు ఆంటీ, దూరంగున్నది. రెండోవర్లు ఆడి పోతం."

"దివాకర్, నువ్వన్నా చెప్పరా! నీ నెత్తిన పిడుగు పడ, కారెక్కరా ముందు!"

రాజ్ పక్కనున్న దివాకర్ నవ్వి చెయ్యి ఊపాడు. ఇంతలో వాన దంచింది. పార్కింగ్ పక్కనే ఉంది. కానీ తడిసిన బట్టలతో కూర్చుంటే కొత్త కార్ల లెదర్ సీట్లు పాడవుతాయట! అందరూ కలిసి బౌండరీ పక్కనున్న పెద్ద ఓక్ చెట్టు కిందకి దూరారు. ఉరిమినప్పుడల్లా "అర్జునా, ఫల్గుణా!" అని కోరస్‌గా అరిచి నవ్వుకుంటున్నారు. ఉరిమితే అర్జునుడి పేర్లు తలుచుకోవాలని మా అమ్మమ్మా నాకు చెప్పింది. నేనూ తలుచుకుంటాను, కాదనను. కానీ కారులో కూర్చుని తలుచుకుంటాను.

పిడుగు ఓక్ చెట్టు మీద పడింది. మాను నుంచి, దాన్ని ఆనుకుని నిలబడ్డ దివాకర్‌లోకి దూకింది. నేను చూసింది ఒక తెల్లటి వెలుగు, తర్వాత గడ్డి మీద పడి ఉన్న అతని బూట్లు. కుక్కని తిప్పుకుంటున్న ఓ నర్సు పరిగెత్తుకొచ్చి అతని ఛాతీ మీద నొక్కుతూ ఉంటే, చాముండక్క వానలో కూర్చుని అతని పాదాలు రుద్దుతూ ఏడ్చింది.

దివాకర్ బతికాడు. భుజం కాలింది, ఒక చెవి సరిగ్గా వినపడదు, నెలల తరబడి ఆఫీసుకి వెళ్లలేకపోయాడు. బతికాడు, అదే పెద్ద సంగతి. మరి తప్పు ఎవరిది? సైరన్ మోగినా ఆడించిన కెప్టెన్‌దా? సీట్లు తడుస్తాయని చెట్టు కిందకి చేరిన పదకొండు మంది ఇంజనీర్లదా? కాదట. హాస్పిటల్ వరండాలోనే రాజ్ మొదలుపెట్టాడు. "ఆంటీ నోట్లకెళ్లి ఆ మాట అట్లొచ్చింది, ఇట్లయింది. నేనైతే నా చెవులతోని విన్న." సైరన్ మాట ఎత్తలేదు. రెండోవర్ల మాట ఎత్తలేదు. "కారెక్కరా" అన్న మాట ఏమైందో మరి, ఆ చెవులకి అది వినపడనే లేదు! నేను అక్కడే గట్టిగా చెప్పాను, వాట్సాప్ గ్రూపులో రాశాను, కనపడిన ప్రతివాళ్లతో పోట్లాడాను. అందరూ బుద్ధిగా తలాడించారు. తర్వాత, "అయినా ఆ నోరు మంచిది కాదులే" అన్నారు.

అంతవరకూ చాముండక్క ఓర్చుకుంది. ఒకరోజు చారూ, మెత్తటి అన్నమూ తీసుకుని హాస్పిటల్‌కి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. దివాకర్ భార్య విద్య గది తలుపు దగ్గరే ఆపేసింది. విద్యకి డ్రైవింగ్ నేర్పింది ఈమే. కడుపుతో ఉన్నప్పుడు చెకప్‌లకి తిప్పిందీ ఈమే.

"అక్కా, డబ్బా ఇచ్చెళ్లండి. లోపలికొద్దు. మీరు ఆయన ముందు ఏమీ మాట్లాడొద్దు, ప్లీజ్."

విద్య నిద్ర లేక, భయంతో కళ్లు లోతుకుపోయి ఉంది. అది నాకూ కనిపించింది. అయినా నా కోపం తగ్గలేదు. చాముండక్క డబ్బా ఇచ్చేసి వచ్చి కారులో కూర్చుంది. ఇంటికెళ్లేటప్పుడు నేను రెడ్ లైట్ దగ్గర ఆలస్యంగా బ్రేక్ వేశాను, కావాలనే. తిట్టలేదు.

ఆ రోజు నుంచి ఆమె నోటికి తాళం పడింది. తిట్లే కాదు, మాటలే మానేసింది. పాఠాలూ ఆగిపోయాయి. తిట్టకుండా నేర్పడం ఆమెకి రాదు, తిట్టాలంటే గుండె దడ. భవిత అని హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉంటుంది. చాముండక్క దగ్గరికి వెళ్లొద్దని ఆ అమ్మాయికి ఎవరో ముందే చెప్పారు. ఆ పిల్ల బాల్కనీలో నిలబడి పార్కింగ్ లాట్ చూస్తూ ఉండేది.

"మీరు తప్పేం అన్నారక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఏమో స్మృతీ. అన్నేళ్లుగా అన్నాను కదా. ఏదో ఒకసారి తగిలుంటుంది" అంది మెల్లగా.

అప్పుడు నిజంగా భయమేసింది. ఊళ్లోవాళ్లు నమ్మితే పోట్లాడొచ్చు. ఆమే నమ్మేసింది.

జనవరిలో ఒకరింట్లో పేరంటం పిలిస్తే బలవంతంగా లాక్కెళ్లాను. పట్టుచీర కట్టుకుని, కార్పెట్ మీద నడిచి వచ్చి, ఇంటావిడ అందించిన వెండి కుంకుమ భరిణె ముట్టుకుంది. చిటుక్కుమని నిప్పురవ్వ ఎగిరింది. ఇంటావిడ కెవ్వుమంది, భరిణె కింద పడి కుంకుమ కార్పెట్ నిండా ఒలికింది. గదిలో అందరూ చాముండక్క వంకే చూశారు. ఆ చూపులు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ కారు తలుపు ముట్టుకుంటే రోజూ చిటుక్కుమనట్లేదా? స్వెటర్ విప్పితే చిటపటలాడట్లేదా?" అన్నాను. "చలికి గాలి ఎండిపోతే, కార్పెట్ మీద కాళ్లు రాసుకుని ఎవరి ఒంటికైనా కరెంట్ ఎక్కుతుంది. లోహం దగ్గరికి రాగానే దూకేస్తుంది. పైన మబ్బుల్లో మంచు ముక్కలు రాసుకుని పుట్టే పిడుగూ ఇదే జాతిది. దీనికి ఆవిడ నోరెందుకు?"

"సైన్స్ వేరు స్మృతీ, ఇది వేరు" అందొకావిడ. ఆవిడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివింది. ఎవరికి చెప్పుకోను?

మర్నాడు ఆఫీసులో మేయ్‌కి చెప్పుకున్నాను. మేయ్ నా టీమే. చైనాలో ఫుజియాన్‌లో పుట్టి పెరిగింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అన్నం పారేస్తే, పెద్దల్ని ఎదిరిస్తే ఉరుముల దేవుడు కొడతాడని వాళ్ల నాయనమ్మ చెప్పేదట. పొలంలో పిడుగు పడి వాళ్ల ఊరావిడ ఒకామె పోతే, చాటున ఏ పాపం చేసిందోనని జనం ఏళ్ల తరబడి వెతికారట. ఆమె పిల్లలు తలెత్తుకు తిరగలేకపోయారట.

"కానీ మా దేశంలోనే దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక పండితుడు దీని మీద పోట్లాడాడు" అంది మేయ్. అప్పట్లో బొమ్మలేసేవాళ్లు ఉరుముల దేవుణ్ణి డప్పుల దండతో గీసేవాళ్లట. ఆ డప్పులన్నీ మోస్తూ ఆయన గాలిలో నిలబడేది దేని మీద అని ఆ పండితుడు అడిగాడట. పిడుగుపాటుకి పోయినవాళ్ల జుట్టు మాడి ఉంటుంది, ఒళ్లు కాలి ఉంటుంది, కాలిన వాసన వస్తుంది, కాబట్టి ఇది నిప్పే, ఆకాశం కోపం కాదు అన్నాడట. ఎండాకాలపు వేడి శక్తి, దానికి ఎదురైన చల్లటి శక్తి కొట్టుకుంటే పుట్టే నిప్పని అతని లెక్క. ఇవాళ్టి సైన్స్ ప్రకారం ఆ లెక్క సరిపోదు. అయినా ఆ మనిషి కాలిన జుట్టు వంక చూశాడు. మావాళ్లు కాలిన చెట్టు కళ్లెదుట ఉన్నా చూడలేదు. ఆకాశానికి మనుషుల మీదే కోపమైతే, చలికాలంలో పిడుగులు అంత అరుదెందుకు? అప్పుడు మనం పాపాలు మానేస్తామా?

సాయంత్రం నేరుగా వెళ్లి ఇదంతా చాముండక్కకి చెప్పాను. చిక్కుళ్లు ఒలుస్తూ విన్నది. చివర్లో అడిగింది.

"ఆయన మాట జనం విన్నారా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "రెండు వేల ఏళ్లయినా వాళ్ల నాయనమ్మే వినలేదని మేయ్ అంది."

"మరి ఆయన చెప్పడం మానేశాడా?"

"మానేస్తే మేయ్ దాకా ఎలా వస్తుందక్కా?"

ఆమె చిక్కుళ్లు ఒలుస్తూనే ఉంది.

ఏప్రిల్‌లో మళ్లీ సీజన్ మొదలైంది. అదే పార్కు. కొట్టేయగా మిగిలిన ఓక్ మొద్దు ఉంది. అంపైర్ వీరభద్రరావు గారు కాబట్టి చాముండక్క వచ్చింది, కానీ కారు దిగలేదు. నేను పక్క సీట్లో ఉన్నాను. ఆ రోజు దివాకర్ మొదటిసారి వచ్చాడు. ఆడటానికి కాదు, కుర్చీ వేసుకుని చూడటానికి. విద్య పక్కనే నిలబడింది. వాళ్ల చిన్నపాప బౌండరీ దగ్గర బంతుల కోసం పరిగెడుతోంది.

ఉరిమింది. సైరన్ మోగింది. అందరూ రాజ్ వంక చూశారు.

"దూరంగున్నది భాయ్. ఈ ఓవర్ అయిపోనియ్యి."

నేను డోర్ హ్యాండిల్ మీద చెయ్యేశాను. నేనరిస్తే వినరని తెలుసు, అయినా అరుద్దామనే. చాముండక్క స్టీరింగ్ రెండు చేతులా బిగించి పట్టుకుంది. ఆమె ఎవర్ని చూస్తోందో చూశాను. చినుకులు మొదలవుతుంటే పాప ఆ మొద్దు దగ్గరికి పరిగెడుతోంది.

చాముండక్క కారు దిగింది.

"ఆపండ్రా ఆట!" ఆ గొంతు విని ఆరేడు నెలలైంది. మైదానం అంతా వినపడింది. "బ్యాట్లు అక్కడే పారేయండి! కార్లెక్కండి! సీట్లు తడిస్తే నేను తుడుస్తాను, ఎక్కండర్రా! ఏమండీ, మీకు వేరే చెప్పాలా? రాజ్, ఇంకొక్క బాల్ పడిందంటే నీ బ్యాట్‌తోనే కొడతాను!"

వీరభద్రరావు గారు ముందు కదిలారు. ఆయన వెనకాల అందరూ పరిగెత్తారు. రాజ్ కూడా. దివాకర్‌ని ఎవరో పక్క కారులోకి ఎక్కించారు. విద్య పాపని ఎత్తుకుని, అన్నిటికంటే దగ్గరున్న క్యామ్రీ వెనక సీట్లోకి దూరింది. చాముండక్క కూడా ఎక్కి తలుపులు పడ్డాయో లేదో మైదానం మొత్తం తెల్లబడింది, చెవులు గింగురుమన్నాయి. పాప ఏడుపు అందుకుంది.

కారులో నలుగురం. వాన కప్పు మీద బాదుతోంది. విద్య పట్టు కోసం తలుపు పక్కన ఇనుప హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. చాముండక్క అద్దంలో అది చూసింది. పిడుగు కారు మీద పడితే, ఇనుము పట్టుకున్న చేతికి తగులుతుంది.

"ఆ ఇనుము వదలవే, నీ నె..."

ఆగిపోయింది. నోరు మూసుకుని కళ్లు దించేసుకుంది. ఆ క్షణంలో నాకు విద్య మీద మళ్లీ కోపమొచ్చింది.

విద్య పాపని గుండెకి హత్తుకుని ముందుకి వంగింది. "అనండక్కా."

చాముండక్క తల అడ్డంగా ఊపింది.

"అనండి. మీరు అననప్పుడు నాకు ఇంకా భయమేస్తోంది."

మళ్లీ మెరిసింది. చాముండక్క సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి విద్య కళ్లలోకి చూసింది.

"నీ నెత్తిన పిడుగు పడ, చెయ్యి తియ్యవే!"

విద్య చెయ్యి తీసేసింది.