దుమ్ము పరీక్ష

నందికొట్కూరులో ఒక బ్యాంకు గేటు దగ్గర తుపాకి పట్టుకుని కూర్చోవడం ఇప్పుడు నా ఉద్యోగం. మిలటరీ నుంచి వచ్చేసిన మాలాంటివాళ్లకు ఎక్కువగా దొరికే పని అదే. లోపల వరసలో నిలబడి విసుగెత్తినవాళ్లు బయటికొచ్చి నా మీద పడతారు. "ఏమప్పా, ఇది నిజంగా పేల్తాదా, ఊరికే బెదిరించేదానికి పెట్టుకున్యావా?" అంటారు. ముందు ఒళ్లు మండుతుంది. తర్వాత నాకే నవ్వొస్తుంది. పేలుతుందా పేలదా అని తేల్చడానికే కదా ఒకప్పుడు నేను నెలల తరబడి ఎడారిలో ఎండిపోయింది.

అప్పట్లో పదాతి దళం మొత్తానికి ఒకే రకం కొత్త రైఫిలు కావాలన్నారు. నాలుగు రకాలు వచ్చాయి. పేర్లు కప్పేసి నంబర్లు వేశారు. వాటిని కాల్చి చూడటానికి మా పటాలం నుంచి కొందరిని పంపారు, అందులో నేనొకణ్ణి. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని పరీక్షల పుస్తకం కూడా నాకే అంటగట్టారు.

తుపాకిని ఎంచుకోవడమంటే ఎంత దూరం కొడుతుంది, ఎంత సూటిగా కొడుతుంది అనే చూస్తారనుకునేవాణ్ణి. అవీ చూస్తారు. కానీ సిపాయికి కావలసింది ఒక్కటే, నొక్కినప్పుడు పేలాలి. బురదలో తొక్కి తీసినా, నీళ్లలో ముంచినా, మనిషి ఎత్తు నుంచి బండ మీద పడేసినా పేలాలి. పేలకుండా ఆగితే దాన్ని మేము రోక్ అనేవాళ్లం. ఏ నంబరు తుపాకి, ఎన్నో గుండు దగ్గర, ఎందుకు ఆగింది అనేది నేను అప్పటికప్పుడు రాయాలి. దేని మీదా అభిమానం పనికిరాదు. నాకు మూడో నంబరంటే ప్రాణం, చేతిలో తేలిగ్గా ఉండేది. అయినా దాని రోక్‌లన్నీ రాశాను.

తుపాకులు విప్పి బాగుచేసే పెద్దాయన ఒకాయన మాతో ఉండేవాడు. ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. ఏ ఊరివాడో ఏమో, ముప్పొద్దులా ఒకటే మాట. "ఒక్క రోక్ కూడా దాచొద్దు బేటా. నువ్వు ఈ రోజు కాగితం మీద దాచింది రేపు ఎవడి ప్రాణం మీదికో వస్తుంది." నేను తలూపేవాణ్ణి. నాకంటే నిఖార్సైన మనిషి లేడన్నట్టు ఊపేవాణ్ణి.

మధ్యలో సెలవు మీద ఇంటికి వచ్చాను. మా ఊరు కోడుమూరు అవతల. మాకు నాలుగెకరాల మెట్ట ఉన్నమాట నిజమే గానీ, వాన పడితేనే అది పొలం, లేకపోతే బయలు. మా ఇంట్లో పొయ్యి వెలిగింది మా నాయన మిల్లు కూలి వల్ల. తెల్లటి పలుగురాళ్లను పొడి కొట్టే మిల్లు అది. మా నాయన అందులో మిషను దగ్గర ఉండేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. చిన్నప్పుడు అది చూసి పడీపడీ నవ్వేవాణ్ణి. మా అమ్మ ముగ్గు వేసేదీ ఆ పొడితోనే. మా వీధి ముగ్గులన్నీ మా నాయన తెచ్చిన పొడే.

తుపాకుల పరీక్ష గురించి ఊళ్లో ఎవరికీ పట్టలేదు. జీతమెంత, క్యాంటీన్లో ఏం దొరుకుతాయి, ఇవే వాళ్లకు కావాలి. మా నాయన ఒక్కడే మిషను మనిషి కాబట్టి గుచ్చి గుచ్చి అడిగాడు. దుమ్ము పెట్టెలో తుపాకిని పెట్టి ఇసుక ఊదుతామని చెబితే పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, చాలాసేపు ఆగలేదు. తేరుకుని, "ఇసుక ఒక దుమ్మేనా అప్పా? మా మిల్లు పొడి తీస్కపో. ఇనప బేరింగులే మూన్నెళ్లకు అరిగిపోతాండాయి. దీనికి నిలబడితే మీ తుపాకి యాడికి పోయినా నిలబడ్తాది" అన్నాడు. అమ్మ ముగ్గు డబ్బా నిండా ఆ పొడి పోసి, మూత చుట్టూ గుడ్డ కట్టి నా పెట్టెలో పెట్టాడు.

బస్సు దగ్గరికి సాగనంపడానికి వస్తూ దారిలో మూడుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా వంగి చెప్పు విదిలించాడు. "రాయి దూరింది, నువ్వు నడువు" అన్నాడు. మూడుసార్లు రాయి దూరుతుందా? యాభై కూడా నిండని మనిషి. నేను బస్సు వెళ్లిపోతుందేమో అని చూసుకుంటూ ముందు నడిచాను.

డబ్బా చూసి ఉస్తాద్ ముచ్చటపడ్డాడు. రెండు వేళ్ల మధ్య పొడి నలిపి, "ఇది దుమ్ము కాదురా, పొగ" అన్నాడు. అప్పటికి రెండు తుపాకులే పోటీలో మిగిలాయి, ఒకటోదీ మూడోదీ. మా మేజరు ఒప్పుకున్నాక ఒక మధ్యాహ్నం రెండింటినీ ఆ పొడి పట్టించి కాల్చాం. ఎడారి ఇసుకను లెక్కచేయని ఒకటో నంబరు నాలుగో గుండుకు ఆగింది. నా మూడో నంబరు రెండోదానికే ఆగింది. ఉస్తాద్ విప్పి చూపించాడు. పొడి నూనెలో కలిసి లోపలంతా సున్నం పూసినట్టు పట్టుకుంది. గుడ్డతో తుడిస్తే రాలేదు. ఒక్కొక్క ముక్కా ఊడదీసి, కిరోసిన్‌లో నానబెట్టి, గీకాల్సి వచ్చింది.

"ఎక్కడిదీ పొడి?" అన్నాడు మేజరు.

"మా ఊరి దగ్గర మిల్లుది సాబ్."

"ఇంత దుమ్ములో మనిషనేవాడు ఎవడుంటాడయ్యా?"

"ఎవరూ ఉండరు సాబ్" అన్నాను.

అంత సులువుగా ఎలా అనేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. కాదు, ఎందుకు అర్థం కాదు, బాగానే అర్థమవుతుంది. సిగ్గు. పటాలంలో చేరిన రోజు కాగితం మీద తండ్రి వృత్తి అన్నచోట రైతు అని రాశాను. పక్కవాళ్లందరూ భూములున్న ఇళ్ల పిల్లలు, వాళ్ల ముందు మిల్లు కూలి అని రాయడానికి చేయి రాలేదు. తర్వాత ఆ అబద్ధానికి తగ్గట్టు వేరుశనగ చేలూ బోరుబావులూ కల్పించి కబుర్లు చెప్పాను. అవన్నీ ఆ ఒక్క మధ్యాహ్నం ఎలా మింగను?

"ఎవరూ లేనిచోట యుద్ధం ఎందుకొస్తుంది? ఇది రాయక్కర్లేదు" అని మేజరు వెళ్లిపోయాడు. ఆయన తప్పేమీ లేదు, నేను చెప్పిందే నమ్మాడు. నేను పుస్తకం మూసేశాను.

ఆ సాయంత్రం ఉస్తాద్ ముక్కలు తుడుస్తూ, "ఇనుము కాబట్టి విప్పగలిగాం" అన్నాడు. ఆయన తుపాకి గురించే అన్నాడు. నాకు మాత్రం చెప్పు విదిలిస్తున్న మా నాయన కళ్ల ముందుకొచ్చాడు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. మిల్లు మానెయ్యి నాయనా అన్నాను. "మూతికి గుడ్డ కట్టుకుంటాండాలే, నాకేమైతాది" అన్నాడు. మిలటరీ ఆసుపత్రిలో చూపిస్తానన్నాను. "నీ పరీక్ష అయిపోనీ, సూద్దాం" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆసుపత్రి కావాలంటే మేజరు సంతకం కావాలి, మేజరు ముందు నిలబడితే దుమ్ములో ఎవరున్నారో చెప్పాలి. అందుకే అంత తొందరగా సరేనన్నాను. థూ, నా బతుకు.

పరీక్షలు ముగిసి నేను ఇల్లు చేరేసరికి మా నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి రాత్రీ పగలూ అలాగే, దిండ్లు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చునేవాడట. ఒంట్లో కండ లేదు. గూట్లో టీబీ మాత్రలు ఉన్నాయి. నాకు చెప్పకుండా కర్నూలు సర్కారు ఆసుపత్రికి పోయి చూపించుకున్నాడు, నెలల తరబడి ఆ మాత్రలు మింగాడు, మింగుతూనే మిల్లుకు పోయాడు. నిలబడలేకపోయిన రోజు మానేశాడు.

మళ్లీ అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఎక్స్‌రే ఫొటో దీపానికి ఎత్తి పట్టుకుని చూస్తుంటే నేను మిల్లు సంగతి చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. చీటీల్లో వెతికి పాత కాగితం తీసి నాకు చూపించాడు. "నేను మొదటిరోజే అడిగానయ్యా, ఏం పని చేస్తావని. ఇదిగో, సేద్యం అని చెప్పాడు. రాతి పొడి అని ఒక్క మాట అనుంటే ఆ రోజే మిల్లు మాన్పించేవాణ్ణి. అప్పటికి ఇంత లేదు." ఇది టీబీ కాదని, పొడి పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, ఇప్పుడిక మందు లేదని అన్నాడు.

బయటికొచ్చి ఆటోలో కూర్చోబెట్టాక నాకు కోపం ఆగలేదు. ఆ మనిషి మీద అరిచాను, ఆ స్థితిలో ఉన్నవాడి మీద. "సేద్యమని ఎందుకు చెప్తివి నాయనా? డాక్టరు ముందర దాస్తారా ఎవరన్నా?"

ఆయన మాటకు మాటకు మధ్య ఊపిరి తెచ్చుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు మిలిట్రీలో చేరినప్పుడు పోలీసోళ్లు ఇచారించను వచ్చినారు కదప్పా. కాయితంలో సేద్యమని ఉండె. నీ చేతిరాత నాకు తెల్దా. నేను అవునంటి. ఆ పొద్దు ఒకటి, ఈ పొద్దు ఒకటి చెప్తే... సర్కారు కాయితాలు గదా, నీ ఉద్యోగానికి ఏమన్నా అయితాదేమో అనుకుంటి."

కర్నూలు నుంచి మా ఊరి దాకా ఆయన వీపు రాస్తూ కూర్చున్నాను. వీపు ఎముకలన్నీ చేతికి తగిలాయి.

తర్వాత పద్దెనిమిది రోజులు ఉన్నాడు. ఒకరోజు కాస్త తెరిపిగా ఉన్నప్పుడు, "ఏ తుపాకి తీస్కున్నారు?" అని అడిగాడు. ఒకటో నంబరుకే మొగ్గుందని చెప్పాను.

"మన పొడికి నిలబడిందా?"

"నిలబడింది నాయనా."

"శానా మంచిదప్పా" అన్నాడు. ముఖంలో నిజంగా సంతోషం కనిపించింది. ఆయనకు నేను చెప్పిన చివరి మాటల్లో అదొకటి, అదీ అబద్ధమే.

మా అమ్మ ఆ తర్వాత ముగ్గు వేయలేదు. వాకిట్లో ఉత్త నీళ్లు చల్లి ఊరుకునేది. పండగలకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి వేస్తామన్నా వద్దనేది.

కొత్త రైఫిలు చాలా ఏళ్లు మోశాను. మంచి తుపాకే, అన్యాయంగా ఒక్క మాట అనను. రోజూ విప్పి, తుడిచి, వెలుతురుకు ఎత్తి గొట్టంలోంచి చూసేవాణ్ణి. పటాలంలో నా తుపాకి అంత శుభ్రంగా ఎవరిదీ ఉండదని పేరు. ఆ మేజరు బదిలీ మీద వెళ్లిపోయాడు, మళ్లీ కలవలేదు. ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం గేటు దగ్గర కూర్చున్నప్పుడు, ఎవరైనా తుపాకి గురించి అడిగినప్పుడు, లోపల్లోపల జవాబు చెబుతూనే ఉంటాను. ఆ దుమ్ములో మనిషున్నాడు సాబ్. మా నాయన ఉన్నాడు.