ఫుల్ చేతుల చొక్కా కింద పుండు

ఐదేళ్లుగా మండుటెండల్లో కూడా నాచేత ఫుల్ చేతుల చొక్కానే తొడిగిస్తున్నాడు మా సెక్యూరిటీ సూపర్‌వైజర్. నా కుడి మోచేతి కింద పాత కాలిన మచ్చ ఉంది. నేను కాపలా కాసే గేటు దగ్గర వచ్చేపోయేవాళ్లకు అది కనబడకూడదట. బాలానగర్ కార్ఖానాలో కరిగిన ఇనుము పడి కాలింది. పని చేసి తెచ్చుకున్న మచ్చ, దొంగతనం చేసి కాదు.

ఈ రోజు మా హైటెక్ సిటీ ఆఫీసులో ఉద్యోగులకు చర్మ పరీక్షల క్యాంపు పెట్టారు. నన్ను బల్లలు మోయమన్నారు. చెమటకు తాళలేక చొక్కా చేతులు మడిచాను. డాక్టరమ్మ చూసి ఆపింది.

“తాతా, ఈ మచ్చ మీద పుండు ఎన్నాళ్లసంది?”

“రెండేండ్లాయె బిడ్డా. పసుపు పెడుతున్న, మానుతది.”

“రెండేండ్లు మానంది ఇంకెప్పుడు మానుతది? పాత కాలిన మచ్చల మీద గిట్ల క్యాన్సర్ రావచ్చు. ముక్క తీసి పరీక్ష చేయాలె. తొందరగ దొరికితే కోసి తీసేస్తరు. సోమవారం దవాఖానకు రా.”

సెలవడిగితే సూపర్‌వైజర్, “వచ్చే నెల చూద్దాం తాతా, గేటుకు మనిషి లేడు” అన్నాడు. వాదించే ఓపిక లేక వచ్చేశాను.

చొక్కా తొడిగించింది ఆయనే. దాని కింద పుండు దాచింది మాత్రం నేనే. ఒకరికి చూపించడం నామోషీ అనుకున్నాను. మీ ఇంట్లో ఇలాంటి మొండి ముసలోళ్లుంటే వాళ్లకు చెప్పండి, ముందు వాళ్ల చేతులు కాళ్లు చూడండి.

ఫోనులో నేను పెడుతున్న ఈ పోస్టు సూపర్‌వైజర్ కూడా చూస్తాడు. శనివారం సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి. సోమవారం నేను దవాఖానలో ఉంటాను, గేటు దగ్గర ఎవరు నిలబడతారు?