ఫజోలో తిన్నాడా?

ఇప్పుడు తాండూరులో మా పాలిష్ యూనిట్ ముందు కుర్చీ వేసుకుని, లారీలోకి నాపరాళ్ళు ఎక్కించేవాళ్ళ మీద అరుస్తూ కూర్చునే నన్ను చూసినవాళ్ళెవరూ, ఒకప్పుడు ఈ మనిషే ఇటలీలో ఒక బుల్లి ఊళ్ళో కుక్కను పట్టుకుని పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వీధులు తిరిగిందంటే నమ్మరు. అప్పుడప్పుడూ నేనే నమ్మను. అక్కడికి పోకముందు నాకు తెలిసిన లోకమంతా తాండూరు నుంచి వికారాబాద్ దాకా రైలు, అక్కడినుంచి హైదరాబాద్ దాకా ఇంకాస్త రైలు. ఇంజనీరింగ్ అయిపోయి, మా నాయన యూనిట్లో బండల దుమ్ము పీలుస్తూ, సంబంధాలు చూస్తామన్న ప్రతివాళ్ళ మీదా కస్సుమంటూ తిరుగుతున్న కాలం. రాళ్ళు కోసే యంత్రాలు చేసే ఒక ఇటలీ కంపెనీకి మన వైపు బండల వ్యాపారులతో ఫోన్లో మాట్లాడే మనిషి కావలసివచ్చి, నేను దొరికాను. మా అమ్మ కందిపప్పు, జొన్నపిండి, ఎండు మిరపకాయలు, చివరికి దొడ్డుప్పు కూడా (ఇటలీలో ఉప్పు ఉండదని ఆమెకు ఎవరు చెప్పారో) మూట కట్టి, "జర పైలం బిడ్డా, యాళకింత తిను" అని పంపింది.

ఆ ఊరు మా తాండూరు దగ్గరి కోట్‌పల్లి కంటే పెద్దదేం కాదు. గుట్ట మీద ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ రాతి ఇళ్ళు, మధ్యలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవలసిన గల్లీలు. నాకు గది ఇచ్చిన ముసలామెను అవ్వ అనే పిలిచేదాన్ని. కింద ఆమె, పైన నేను, ఇద్దరి మధ్యా మెట్ల మీద ఆమె కుక్క. గోధుమరంగు, పొట్టి కాళ్ళు, వేలాడే చెవులు. పేరు ఫజోలో. అంటే చిక్కుడుగింజ అట. చిన్నప్పుడు వికారాబాద్ స్టేషన్లో ఒక కుక్క నన్ను ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు తరిమింది. అప్పటినుంచీ కుక్క కనిపిస్తే నేను రోడ్డు దాటేస్తాను. అటువంటిదాన్ని, మెట్ల మీద దాన్ని దాటడానికి మొదటి వారమంతా గోడకు వీపు రుద్దుకుంటూ ఎక్కి దిగాను.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. వాళ్ళందరూ మాట్లాడింది ఇటాలియనే. సగం అర్థమయ్యేది, మిగతా సగం వాళ్ళ చేతులు చూసి ఊహించుకునేదాన్ని. కానీ గుర్తొచ్చేటప్పుడు మాత్రం అందరూ తాండూరు మార్కెట్లో నిలబడి మాట్లాడినట్టే గుర్తొస్తారు, అందుకని అట్లాగే రాస్తున్నాను. ఆ ఊరివాళ్ళు ఏమనుకుంటారోనన్న మొహమాటం నాకేం లేదు. వాళ్ళు నాకు చేసింది వింటే మీరూ అదే అంటారు.

ఒకరోజు అవ్వ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అంబులెన్సు వాళ్ళు ఎత్తుతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఫజోలోను నువ్వే చూస్కోవాలె బిడ్డా. వాడు లేని ఇంటికి నేను మళ్ల రాను" అంది. నాకు కుక్కలంటే భయమని చెప్పడానికి అది సమయం కాదు కదా. సరే అవ్వా అన్నాను. ఆమె మేనకోడలొకామె సిటీలో ఉంటుంది, ఎత్తు చెప్పులు, నల్లకళ్ళద్దాలు. ఆమె నన్ను పక్కకు పిలిచి, "మా అత్తకు ఈ వయసుల కుక్క ఎందుకు? నువ్వు చూస్త అంటున్నవు గనక ఊకుంటున్న. జర తేడా వచ్చిందంటే తీస్కపోయి షెల్టర్‌ల ఇస్త" అంది. ఆమె మొహం చూస్తే ఆ తేడా ఎప్పుడొస్తుందా అని చూస్తున్నట్టే అనిపించింది. అప్పుడే మొదటిసారి నాకు ఆ కుక్క తరఫున పౌరుషం పుట్టింది.

మేం మాంసం ముట్టని ఇంటివాళ్ళం. అయినా కుక్క కడుపు కుక్కదే కదా అని, అవ్వ కొనిపెట్టిన మాంసం డబ్బా మూత రోజూ ముక్కుకు చున్నీ కట్టుకుని నేనే తీసేదాన్ని. పొద్దున డ్యూటీకి పోయేముందు ఒక గిన్నె, సాయంత్రం వచ్చాక ఒక గిన్నె. రెండు పూటలా గిన్నె తర్వాత నడక. ఆ నడకలోనే నా పరువు మొత్తం పోయింది. ఊళ్ళో ప్రతివాళ్ళూ ఆగి పలకరిస్తారు, నన్ను కాదు. "ఏం ఫజోలో, మంచిగున్నవా? అవ్వ యాదికొస్తున్నదా?" అని వంగి దాని చెవులు నిమిరి, లేచి, నా వైపు చూసి, "తిన్నడా?" అని అడుగుతారు. కాఫీ కొట్టాయన, రొట్టెల కొట్టామె, మాంసం కొట్టాయన, అందరిదీ అదే మాట. తాండూరులో ఎంత పగవాడైనా ఎదురుపడితే "తిన్నవా?" అని అడక్కుండా పోడు. ఇక్కడ ఆ మాట అడిగేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, అడిగేది మాత్రం కుక్క గురించి. నా పేరు ఒక్కరికీ తెలియదు. నేను "ఫజోలోతో ఉండే పిల్ల"ను, అంతే. ఒళ్ళు మండిపోయేది. మా అమ్మతో చెప్పుకుందామని వీడియో కాల్ చేస్తే, ఆమె కూడా నన్ను ఒకసారి పైకీ కిందికీ చూసి, "గది సరే గానీ, మన చిక్కుడు ఏం తిన్నడు?" అంది. కన్నతల్లి.

అటువంటి సమయంలో వాడు తినడం మానేశాడు. (ఎప్పటినుంచి "అది" నాకు "వాడు" అయిపోయిందో నాకే తెలియదు.) గిన్నె ముందు పెడితే వాసన చూసి, నన్నొకసారి జాలిగా చూసి, పోయి పడుకుంటాడు. డబ్బా మార్చాను. అన్నంలో పప్పు కలిపి పెట్టాను. జొన్నరొట్టె పాలలో నానబెట్టి చేతితో నోటికి అందించాను, కుక్కలకు భయపడి రోడ్డు దాటే నేను. ఉహుఁ. అవ్వ మీద బెంగ పెట్టుకున్నాడనుకుని దగ్గర కూర్చోబెట్టుకుని సముదాయించాను. దానికితోడు ఇంకో భయం. వారం నుంచి తినని కుక్కకు ఛాతీ చుట్టూ కట్టే బెల్టు పట్టడం లేదు. రోజుకింత బిగుతవుతోంది. అమ్మకు చూపిస్తే ఫోన్లో కళ్ళు ఇంత చేసుకుని, "తినకుంటే వాపు వస్తది బిడ్డా, గది మంచిది కాదు" అంది. రాత్రి నాకూ ముద్ద దిగలేదు. ఇంతలో ఎవరు చేరవేశారో గానీ మేనకోడలు ఫోన్ చేసింది. "కుక్క తింటలేదట గదా. ఆదివారం వస్తున్న. నా ముంగట తింటే ఉంచుత, లేకుంటే బండిల వేస్కొని పోత." వాడు పోతే అవ్వ రాదు. ఆ మాట ఆమె నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నేనేం చెయ్యను?

"ఏం చేసుడేంది, దిష్టి తియ్యి" అంది మా అమ్మ. "ఊరు ఊరంతా ఆగి ఆగి గాన్నే చూస్తున్నరని నువ్వే చెప్తివి. గింతమంది కండ్లు పడ్డంక గాడు ఎట్ల తింటడు?" ఇంజనీరింగ్ చదివినదాన్ని, నవ్వి ఊరుకోవలసింది. కానీ మా ఇంట్లో జ్వరమొచ్చినా, పరీక్షపోయినా, కొత్త యంత్రం ఆగిపోయినా ముందు దిష్టే తీస్తారు, డాక్టరూ మెకానిక్కూ తర్వాత. పైగా ఆమె చెప్పింది నిజమే కదా, అందరి కళ్ళూ వాడి మీదే. శనివారం సాయంత్రం ఫజోలోను వంటింటి మధ్యలో కూర్చోబెట్టి, గుప్పెట్లో ఎండు మిరపకాయలు, దొడ్డుప్పు పట్టుకుని, ఇరుగోళ్ళ దిష్టి పొరుగోళ్ళ దిష్టి అంటూ వాడి చుట్టూ తిప్పాను. వాడు నా చెయ్యి ఎటు తిరిగితే అటు తల తిప్పాడు. ఇంట్లోనైతే పొయ్యిలో నిప్పులుంటాయి. ఇక్కడ స్టవ్ మీద పెనం ఎర్రగా కాల్చి, దిష్టి మొత్తం అందులో వేశాను. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని అమ్మ అంటుంది. ఘాటు వచ్చింది. దిష్టి లేదన్నమాట అనుకునేలోపు నాకు దగ్గు, ఫజోలోకు తుమ్ములు. కిటికీ తెరిచాను. అదే నేను చేసిన తప్పు.

శనివారం సాయంత్రమంటే ఆ ఊళ్ళో అందరూ మంచి బట్టలు వేసుకుని గల్లీలో అటూ ఇటూ నడిచే వేళ. మా మిరపకాయల ఘాటు ఆ సందులోకి దిగి, ఎటూ పోయే దారి లేక అక్కడే కూర్చుంది. ముందొకరు దగ్గారు. తర్వాత గల్లీ అంతా. రుమాళ్ళు, కండువాలు ముక్కులకు పెట్టుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే అందరూ మా కిటికీ కింద చేరారు. ఎవరో ఫైరింజనుకు ఫోన్ చేస్తామంటున్నారు. అప్పుడు ఎదురింటి పెద్దమ్మ, అవ్వకు చిన్ననాటి స్నేహితురాలు, చెంగు లేదు కాబట్టి ఏప్రన్‌తో ముక్కు మూసుకుని మెట్లెక్కి వచ్చింది. వెనకే మాంసం కొట్టాయన, కాఫీ కొట్టాయన. ఆమె పెనం చూసింది, అందులో నల్లబడ్డ మిరపకాయలు చూసింది, మధ్యలో కూర్చుని తుమ్ముతున్న ఫజోలోను చూసింది. నన్ను పిచ్చిదనుకుంటుందని నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, ఆమె చాలా మామూలుగా, "దిష్టి తీస్తున్నవా?" అంది. "మిరపకాయలతోని కాదు, పాగల్‌దానా. ఉండు."

వాళ్ళకూ ఉందట దిష్టి. పెద్దమ్మ లోతు కంచంలో నీళ్ళు తెచ్చి, వాడి తల మీద పట్టి, పెదవులు కదుపుతూ అందులో ఆలివ్ నూనె చుక్కలు వేసింది. (ఆ మంత్రం క్రిస్మస్ ముందురోజు తప్ప ఎవరికీ చెప్పకూడదట, ఎంత అడిగినా చెప్పలేదు.) చుక్కలు విడిపోయి పరుచుకుంటే దిష్టి ఉన్నట్టు. అందరం వంగి చూశాం. చుక్కలు గుండ్రంగా, నిక్షేపంగా తేలుతున్నాయి. పెద్దమ్మ వాడి పొట్ట తడిమింది. బెల్టు చూసింది. తర్వాత ఎందుకో నా మొహం చూడకుండా, "దిష్టి లేదు ఏం లేదు. కడుపు నిండ ఉన్నది. పొద్దుగాల నేను కూడ జర జున్ను ముక్క పెట్టిన" అంది.

అప్పుడు మాంసం కొట్టాయన గొంతు సవరించుకుని, "నేను పూటకింత పెడుతున్న. నువ్వు మాంసం వండవని చెప్తివి గదా. పాపం పిల్ల, కుక్కకు గూడ పప్పే పెడుతున్నదేమో అనుకున్నం" అన్నాడు. కాఫీ కొట్టాయన వెన్న రొట్టె సంగతి ఒప్పుకున్నాడు. కిటికీ కిందనుంచి రొట్టెల కొట్టామె కూడా ఏదో అరిచి చెప్పింది. నేను కొట్లోకి పోయి పాలు కొనుక్కొచ్చేలోపు గుమ్మం దగ్గర కట్టేసిన కుక్కకు ఊరు ఊరంతా విందు చేసింది. వాపు కాదు, కొవ్వు.

అంతే, నాకు కోపం నషాళానికి అంటింది. వచ్చిన నాలుగు ఇటాలియన్ ముక్కలూ ఆవిరైపోయాయి. శుద్ధ తాండూరు తెలుగులో అందుకున్నాను. "ముక్కు మూస్కొని ఆ మాంసం డబ్బాలు తీసింది నేను. వానల తిప్పింది నేను. గీడు తింటలేడని నిద్రలేకుంట కూసున్నది నేను. ఊరంత కల్సి కుక్కను బతికించిన్రు, మంచిది. మరి నేనొక మనిషిని ఉన్న గదా? ఎప్పుడన్న, ఒక్కసారన్న, తిన్నవా బిడ్డా అని నన్ను ఎవరన్న అడిగిన్రా?" అంటూనే ఏడుపొచ్చింది. మిరపకాయల వల్ల అనడానికి వీలుంది గానీ, అందువల్ల కాదు.

వాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యే అవకాశం లేదు. కానీ పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని పైకెత్తి అడిగింది, "నువ్వు తిన్నవా?" అని. లేదన్నట్టు తల ఊపాను. వెంటనే నన్ను తీసుకుపోయి పెద్దమ్మ ఇంట్లో బల్ల ముందు కూర్చోబెట్టి, మాంసం వెయ్యకుండా చిక్కుడుగింజలు, పాస్తా కలిపి వండిన చారులాంటిది పెట్టారు. కాఫీ కొట్టాయన రొట్టె తెచ్చాడు. మాంసం కొట్టాయన తన దగ్గర నేను తినేదేమీ లేదని బాధపడుతూ టమాటాలు తెచ్చాడు. రెండోసారి వడ్డిస్తుండగా నా పేరు అడిగారు. నా పేరు వాళ్ళ నోట్లో నానా తిప్పలూ పడింది, నేనేం సరిచెయ్యలేదు. లేచేముందు అందరూ ఒక ఒప్పందానికి వచ్చారు, మేనకోడలు వచ్చేదాకా ఫజోలోకు ఎవరూ ఏమీ పెట్టకూడదని.

ఆదివారం ఆమె వచ్చేసరికి మెట్ల కింద సగం ఊరు ఏ పనీ లేనట్టు నిలబడి ఉంది. మాంసం డబ్బాలు అయిపోయిన సంగతి నేను అప్పుడు చూసుకున్నాను. ఉన్నది నా పప్పన్నమే. అదే పెట్టాను. ఒక పూట పస్తున్న ఫజోలో తల ఎత్తకుండా మొత్తం తిని, గిన్నెను వంటింటి ఆ మూల దాకా నాకుకుంటూ పోయాడు. మేనకోడలు నల్లకళ్ళద్దాలు తీసి చూసింది. "గిది గూడ తింటడా?" అంది. "తింటడు" అని కింద నుంచి ఊరంతా చెప్పింది. అవ్వ చేతికర్రతో ఇంటికొచ్చిన రోజు గుమ్మంలోనే కూలబడి వాడిని ఒళ్ళో వేసుకుని ఏడ్చింది. నన్ను పలకరించింది తర్వాతే, అదీ "గింత లావైండేంది?" అని.

ఉద్యోగం ఒప్పందం అయిపోయి నేను తిరిగొచ్చి కొన్నేళ్ళయింది. ఇప్పటికీ అవ్వ వీడియో కాల్ చేస్తుంది. మొన్న సాయంత్రం యూనిట్ మూసే వేళ చేసింది. తెర నిండా ఫజోలో మొహం, మూతి దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. "ఏం రా ఫజోలో, తిన్నవా? ఏం తిన్నవ్? పప్పన్నం యాదికొస్తున్నదా?" అని నేను మొదలుపెడితే, వాడు చెవులెత్తి తల అటూ ఇటూ వంచాడు. లారీ డ్రైవర్ వింతగా చూస్తున్నా పట్టించుకోలేదు. చాలాసేపు మాట్లాడి, ఇక ఉంటానని ఫోన్ కట్ చెయ్యబోతుంటే, కుక్క పక్కనుంచి అవ్వ మొహం సగం తెరలోకి వచ్చింది.

"నేను గూడ తిన్న బిడ్డా" అంది. "అడుగుతవేమోనని చూస్తున్న."

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఊరు మొత్తాన్ని నిలబెట్టి కడిగేసిన ఆ పిల్ల ఎక్కడుందో గానీ, ఇప్పుడు చూస్తే నన్నూ వదిలిపెట్టదు. నవ్వొచ్చింది. కుర్చీ నీడలోకి లాక్కుని కూర్చుని, "ఏం తిన్నవ్ అవ్వా?" అని అడిగాను. ఆమె పొద్దుటి కాఫీ దగ్గర నుంచి మొదలుపెట్టింది.