తువ్వాళ్ళ కట్టల నడుమ రెండు స్పీకర్లు

ఆ రోజుల్లో మా భవాని పేట్‌లో నిశ్శబ్దం వారానికొకసారి, మగ్గాలకు సెలవున్న రోజున వచ్చిపోయే చుట్టం. మిగతా రోజులన్నీ పవర్‌లూమ్‌ల ఖట్‌ఖట్‌లోనే మేము పుట్టాం, పెరిగాం, ఎక్కాలు నేర్చుకున్నాం. మా ఇళ్ళలో రహస్యాలు కూడా అరిచి చెప్పుకునేవాళ్ళం. (బయటివాళ్ళకు మేము ఉప్పు అడిగినా పోట్లాటలాగే వినపడేదట.) అలాంటి చోట పుట్టి, ధ్వని మీద మనసు పడ్డవాడు మా అన్న. ఎడారిలో పుట్టి ఈత మీద మోజు పడ్డట్టు.

పగలంతా బాపుతో కలిసి మగ్గాలు చూసుకునేవాడు. (మా ఇళ్ళలో అమ్మ అంటే అవ్వ, నాన్న అంటే బాపు.) సాయంత్రం కాగానే స్నానం చేసి వెనక గదిలోకి వెళ్ళేవాడు. గొంతు, ఢోల్కీ, హార్మోనియం విడివిడిగా నింపి తరువాత కలిపే టేప్ డెక్ ఒకటి అక్కడ ఉండేది. పుణెలో ఏదో స్టూడియో వాళ్ళు పాత సామాను తీసేస్తుంటే రెండు చిన్న స్పీకర్లు తెచ్చాడు. నల్లగా, టిఫిన్ క్యారియర్లంత ఉన్నాయి. "గివి పాటకు పౌడరు పుయ్యవే చెల్లే, అద్దం లెక్క ఉన్నదున్నట్టు చెప్తయి" అన్నాడు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు రెండు చంకల్లో పెట్టుకొని.

ఆ ఏడాది మా గల్లీ గణపతి మండలి వాళ్ళు పాటల క్యాసెట్ పని అన్నకు అప్పగించారు. బాపు అప్పటికే ఆ గది మీద కన్నేసి ఉన్నాడు. "వరండాల సరుకు తడుస్తున్నది. క్యాసెట్ మంచిగ మోగిందా, గది నీది. మోగలేదా, తువ్వాళ్ళ కట్టలు లోపలికి, నీ డబ్బాలు బయటికి" అన్నాడు. బాపు మాటంటే మాటే.

నేనప్పుడు సైన్సు మొదటి సంవత్సరం. స్పీకర్లు రెండూ, వినేవాడూ సమత్రిభుజంలో ఉండాలని అన్న చెప్పగానే నా చదువుకు పని దొరికిందని పొంగిపోయి, సుద్దముక్కతో నేల మీద గీసేశాను. మూడో మూల సరిగ్గా మా అవ్వ కూర్చునే చోటికి వచ్చింది. అవ్వ బీడీలు చుట్టేది అక్కడే. గుమ్మం వెలుతురు పడేది అక్కడే. "నేనెందుకు లేస్త? మీ పాటనే జరగుమను" అంది. అంతటితో ఆగక, "పెండ్లీడు పిల్లవు, ముగ్గు సగంల ఇడిసిపెడ్తవా?" అంటూ నా త్రిభుజానికి మూడు మూలలా తామరపూలు వేసింది.

కొత్త వస్తువు ఏది వచ్చినా గోడ గూట్లో, తూర్పుముఖంగా పెట్టడం మా ఇంటి ఆచారం. అన్న ఎంత మొత్తుకున్నా స్పీకర్లు మూలగూళ్ళలోకి ఎక్కాయి. అవ్వ కుంకుమ తడిపి వాటి ముందుండే గుండ్రటి పొరల నడుమ బొట్లు పెట్టింది.

"అవ్వా, అది కాయితం! సినుగుతది!"

"బొట్టు పెడ్తె సినుగుతదా? గిన్నేండ్లు పెట్టుకున్న, నా మొకం సినిగిందారా?"

గూట్లోంచి ఢోల్కీ దబ్బు దబ్బుమని ఖాళీ డ్రమ్ము కొట్టినట్టు వచ్చేది. అన్న దాన్ని తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. చివరికి గదిలో పాట ముద్దుగా మోగింది. అదే క్యాసెట్ మండపంలో పెద్ద స్పీకర్ల మీద వేసి చూస్తే ఢోల్కీ జాడే లేదు. మండలి పెద్దాయన చెవి ఒగ్గి విని, "అరే, ఢోల్కీవాడు ఊరికి పోయిండా ఏందిరా?" అన్నాడు. గల్లీ అంతా నవ్వింది. గూడు ఢోల్కీని ఎక్కువ చేసి చూపిందని, అన్న ఆ అబద్ధాన్నే దిద్దుతూ పోయాడని మాకప్పుడు అర్థమైంది. పండుగకింకా వారం ఉంది కాబట్టి పెద్దాయన మరో అవకాశమిచ్చాడు. బాపు ఇవ్వలేదు. మర్నాడు పొద్దున్నే తువ్వాళ్ళ కట్టలు, చద్దర్ల కట్టలు గదిలోకి వచ్చి నాలుగు గోడలకూ నిలబడ్డాయి.

అన్న తన డెక్ తీసుకుపోవడానికి తలవంచుకొని లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఎంతకీ రాడు. ఏడుస్తున్నాడేమోనని భయంభయంగా తొంగిచూశాను. గది నడుమ నిలబడి చప్పట్లు కొడుతున్నాడు! కొట్టి, చెవి పెట్టి, మళ్ళీ కొట్టి. "చెల్లే, విన్నవా? మోత లేదు! గోడలు నోరు మూసుకున్నయి!" గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడును తువ్వాళ్ళు తాగేస్తున్నాయి.

స్పీకర్లను గూళ్ళలోంచి దించి, గోడకు ఎడంగా, చెవులెత్తున రెండు తువ్వాళ్ళ కట్టల మీద పెట్టాడు. అవ్వను ఆమె చోట్లోనే ఉండనిచ్చి, ఆమె ముక్కుకు సూటిగా వాటిని కొంచెం లోపలికి తిప్పాడు. మగ్గాల సెలవు రోజున ఆమె పక్కనే చాప వేసుకొని పాటలన్నీ మళ్ళీ కలిపాడు. మా గల్లీ పిల్ల పాడిన మొదటి పాట వేయగానే అవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది. "కొడుకా, పిల్ల నా ఎదురుంగనే నిలవడి పాడుతున్నదిరా" అంది, ఎవరూ లేని రెండు స్పీకర్ల నడుమకు చూస్తూ.

ఆ ఏడు మండపంలో ఢోల్కీ మోగితే చిన్నపిల్లల దగ్గర్నుంచి అందరూ అడుగులు వేశారు. బాపు కట్టలూ తీయలేదు, అన్ననూ తీయలేదు. కానీ ఓ మధ్యాహ్నం ఒక వ్యాపారికి గదిలో ఎడమ గోడకున్న సరుకు ఎత్తించాడు. అన్న మగ్గం వదిలి పరుగెత్తుకొచ్చాడు.

"బాపూ! ఎడమ చెవు అమ్మేసినవు గదనే!"

వ్యాపారి భయపడి బాపు చెవులవైపు చూశాడు. అప్పటినుంచి ఏ కట్ట కదిపినా బాపు ముందుగా గుమ్మంలో నిలబడి, "గిది పోతే పాటకు ఏమన్న అయితదారా?" అని అడిగేవాడు. కొడుకును మెచ్చుకోవడానికి మా బాపుకు తెలిసిన మాట అదొక్కటే. అన్నకు అది చాలు.

ఇప్పుడు పెళ్ళయి నేనుండేది అదే ఊళ్ళో, కుంఠా నాకాలో. గోడ అవతల మగ్గాలు. ఇవతల ఉయ్యాలలో మా చంటిది. ఆ చప్పుడుకు దాని చిన్ని చెవులు ఏమవుతాయోనని నాకు పగలూ రాత్రీ బెంగ. (మేమంతా అందులోనే పెరిగామని మా ఆయన గుర్తుచేస్తారు, అదీ అరుస్తూనే.) ఇవాళ ఇంట్లో ఉన్న చద్దర్లన్నీ గోడకు వేలాడదీసి, ఉయ్యాల మూలలోంచి తెచ్చి గది నడుమ పెట్టాను. సమత్రిభుజం గీయలేదు కానీ, చూపులతో కొలిచాను. అంతా కుదిరింది. పాప హాయిగా నిద్రపోయింది. ఇక మోత తగ్గిందో లేదో చూద్దామని, అన్నలాగే గది నడుమ నిలబడి, గట్టిగా చప్పట్లు కొట్టాను.

పాప లేచింది. ఏడుపు మాత్రం, అన్న వింటే మెచ్చుకునేవాడు, ఎక్కడా మోత లేకుండా ఉన్నదున్నట్టు వినపడింది.